కనపడని అతుకు

ధర్మవరం నేసేవాళ్ళ వీధిలో నాగలక్ష్మమ్మ అతికిన పడుగులో, అంటే మగ్గం మీది నిలువు పోగుల్లో, అతుకు ఎక్కడుందో కనిపెట్టిన మొనగాడు ఇంతవరకూ లేడు. అయిపోయిన పడుగు కొసకు కొత్త పడుగు కొస చేర్చి, వేళ్ళకు ఇంత బూడిద రాసుకుని మెలి తిప్పిందంటే, ఆ రెండూ పుట్టినప్పటి నుంచీ ఒకటే పోగన్నట్టు ఉండేవి. చీరకు వేల పోగులు. ముప్పై ఏళ్ళుగా అదే పని. మరమగ్గాలు వచ్చి వీధిలో గుంత మగ్గాలన్నీ ఒకటొకటిగా పూడిపోయినా ఆమె పేరు మాత్రం పోలేదు. పేరు కూడు పెడుతుందా అంటే అది వేరే మాట.

ఆ పనిని బాగుందని ఎన్నడూ అననివాడు ఆమె మొగుడు ఆదెన్న ఒక్కడే. బాగోలేదనీ అనలేదు. కూర్చుని నేసుకుపోయేవాడు, అంతే.

ఆ వీధిలో ఇప్పుడు ఆడుతున్న చేతిమగ్గం ఆదెన్నదొక్కటే. అదీ త్రివేణి పుణ్యం. త్రివేణి ఆదెన్న చెల్లెలి కూతురు, అనంతపురంలో పరిశోధన చేస్తోంది. భుజంలో కండను ఎముకకు కట్టి ఉంచే నరం తెగితే, ఆ చోట పట్టుతో నేసిన పట్టీ కుట్టవచ్చని ఆమె చదువు. తెగిన నరం మళ్ళీ అల్లుకునే దాకా పట్టీ బరువు మోస్తుంది, తర్వాత ఒంట్లోనే మెల్లగా కరిగిపోతుంది. దానికి వాడే మెలి లేని పోగు మరమగ్గం దెబ్బకు ఆగదనీ, చేతిమగ్గమైతే ఓపిగ్గా నేస్తుందనీ మూడేళ్ళు కిందామీదా పడి తేల్చింది. బెంగళూరు కంపెనీ ఒకటి అరవై పట్టీలు అడిగింది. అవి నెగ్గితే వీధిలో పన్నెండు మగ్గాలకు మళ్ళీ పని.

నెగ్గకపోతే రాయదుర్గం. అక్కడ నాగలక్ష్మమ్మ చెల్లెలు ఈశ్వరి జీన్సు ప్యాంట్లకు వేలాడే దారాలు కత్తిరించే పనిలో ఉంది. అక్కకూ బావకూ అక్కడే చోటు చెప్పిపెట్టింది. పోగులు అతికిన చేతులకు చివరికి దారాలు కత్తిరించే పనా అని తలుచుకుంటేనే నాగలక్ష్మమ్మకు ముద్ద దిగేది కాదు.

పని మొదలైన రోజే త్రివేణి గట్టిగా చెప్పింది. "పోగు తెగితే అతకొద్దు. ఆ పట్టీ తీసి పక్కన పెట్టి, పుస్తకంలో రాయాల. అత్తా, నీకే చెప్తాండా."

"తెగిన పోగు కండ్ల ముందర పెట్టుకోని ఊరికే ఉండాలంటే యెట్లమ్మే?"

"ఉండాల. చీరలో అతుకు మీద యెవురూ వేలాడరు. ఇది భుజం. బిందె ఎత్తితే ఆ బరువంతా దీని మీదనే."

నాగలక్ష్మమ్మ నవ్వి సరేనంది. నిజంగానే ఉండగలనని అనుకుంది.

నలభై పట్టీలు అయ్యేలోగా మూడుసార్లు పోగు తెగింది. మూడుసార్లూ ఆదెన్న పట్టీ తీసేసి పుస్తకంలో రాశాడు. ఇక త్రివేణి తూచి ఇచ్చిన పట్టు సరిగ్గా మిగతా ఇరవైకే సరిపోతుంది. నలభై ఒకటోది సగంలో ఉండగా నీళ్ళ ట్యాంకరు వచ్చిందని వీధిలో కేకలు వినబడ్డాయి. ఆదెన్న బిందెలు తీసుకుని పరిగెత్తాడు. మగ్గం మీద దుమ్ము పడకుండా గుడ్డ కప్పబోయిన నాగలక్ష్మమ్మకు, పట్టీకున్న పదహారు పడుగు పోగుల్లో ఒకటి తెగి వాలిపోయి కనిపించింది.

ఆమె చేతులు ఆమెను అడగలేదు. బూడిద ముట్టలేదు, ఇది ఒంట్లోకి పోయేదన్నంత వరకే త్రివేణి మాట జ్ఞాపకం ఉంది. ఒకటికి మూడుసార్లు మెలి తిప్పింది. ఆదెన్న తిరిగొచ్చి చేతులు తుడుచుకుని మళ్ళీ నేయడం మొదలుపెట్టాడు. ఆ పోగు ఆయన వేళ్ళ కిందినుంచే పోయింది. ఆయన ఆగలేదు. నాగలక్ష్మమ్మకు భయం కంటే ముందు కాస్త గర్వమే కలిగింది. చెబుదాంలే అనుకుంటూ అనుకుంటూ, చెప్పలేదు.

పరీక్ష రోజు త్రివేణి ఇద్దరినీ అనంతపురం పిలిపించింది. నేసినవాళ్ళను కంపెనీవాళ్ళు కళ్ళారా చూడాలని ఆమె కోరిక. కంపెనీ తరఫున వచ్చిన విష్ణువర్ధన్‌ది రాప్తాడు దగ్గరి పల్లె. కుర్రవాడేమీ గర్విష్ఠి కాదు, లేచి నమస్కారం పెట్టాడు.

మిషను ఒక్కో పట్టీని రెండు కొసలా పట్టి తెగేదాకా లాగుతోంది. పన్నెండు కిలోలు ఆగితే చాలు. పద్నాలుగు, పదిహేను, పద్నాలుగున్నర. త్రివేణి ముఖం వెలిగిపోతోంది. నలభై వరకూ ఒక్కటీ తప్పలేదు.

నలభై ఒకటోది తొమ్మిది కిలోలకే టప్పుమంది.

మిగతా పంతొమ్మిదీ నెగ్గాయి. త్రివేణి ఆ తెగిన ముక్కను మైక్రోస్కోపు కింద పెట్టి అరగంట చూసింది. "ఏమీ లేదు. ముడి లేదు, అతుకు లేదు. ఎందుకు తెగిందో తెలీడంల్యా."

విష్ణువర్ధన్ కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "త్రివేణీ, మాకు రెండు దార్లుండాయి. ఒకటి మీ చేతిమగ్గం. రెండోది పట్టును కరిగించి అచ్చులో పోసేది. ఈ వారంలో ఒకటే ఎంచుకోవాల. తెగినందుకు కారణం ఉంటే దిద్దుకోవచ్చు. కారణం లేకుండా తెగేదాన్ని మనిషి భుజంలో యెట్ల పెడతాము?"

ఆదెన్న లేచి నిలబడ్డాడు. "పుస్తకంలో రాసిన మూడు తప్ప ఒక్క పోగూ తెగలేదు సార్. నా మగ్గం మీద ఒట్టు."

ముప్పై ఏళ్ళలో ఆయన మగ్గం మీద ఒట్టు పెట్టడం నాగలక్ష్మమ్మ చూడలేదు. పెట్టిన ఒక్కటీ ఆమె వల్ల అబద్ధపు ఒట్టయింది. పైగా కారణం తెలిస్తే దిద్దుకోవచ్చని ఆ అబ్బాయే అంటున్నాడు. నోరు విప్పితే అందరూ గట్టెక్కుతారనుకుంది పిచ్చి మనిషి.

"ఆయప్పకు తెలీదు. తెగింది. నేనే అతికినా. అదొక్కటే."

త్రివేణి కళ్ళు మూసుకుంది. విష్ణువర్ధన్ పుస్తకం తిరగేసి, మళ్ళీ మొదటి పేజీకి వచ్చాడు.

"మిగిలిన యాభైతొమ్మిదిలో లేదని మాకు యెట్ల తెలుస్తాదమ్మా?"

"చెప్తాండా గదా నాయనా, అదొక్కటే."

"నువ్వు నిజమే చెప్తాండావు. నేను నమ్ముతా. అయితే పుస్తకంలో లేదు, మైక్రోస్కోపులో కనపళ్ళేదు. రేపు పన్నెండు మగ్గాల్లో పన్నెండు మంది అతికితే యెవురు కనిపెడతారు? మాకింక ఆ అచ్చు దారే. కొంచెం మోటుగా అతికింటే బతికిపోయేవాళ్ళమమ్మా."

అతను తిట్టినా బాగుండేది. చేతులు జోడించి, సంచి సర్దుకుని వెళ్ళిపోయాడు. త్రివేణి మిషను ఆపి, తెగిన పట్టీలన్నీ కవర్లలో వేసి, ఒక్కోదాని మీద అంకె రాస్తూ కూర్చుంది. "మూడేండ్లత్తా" అంది, తలెత్తకుండా. కాళ్ళ మీద పడదామనిపించింది నాగలక్ష్మమ్మకు. పడినా ఏమొస్తుంది?

బస్సు రాప్తాడు దాటేదాకా ఆదెన్న కిటికీలోంచి బీడు చేలకేసి చూస్తూనే ఉన్నాడు. తిడతాడని ఆమె కాచుకుని ఉంది.

"దాన్ని నేసింది నేను" అన్నాడు చివరికి. "నా వేళ్ళ కింద పోయింది ఆ పోగు. నాకే తగల్లేదు." తన బొటనవేలిని చూపుడువేలితో రుద్దుకున్నాడు. "శానా బాగా అతికినావే."

ఆ మాట కోసం ముప్పై ఏళ్ళు కాచుకున్న నాగలక్ష్మమ్మ కొంగు నోట్లో కుక్కుకుని, బస్సులో అందరూ చూస్తుండగా ఏడ్చింది. ఆదెన్న ఆపమనలేదు. ఏడుపు దానంతటదే ఆగాక జేబులోంచి ఫోను తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు.

"ఈశ్వరికి చెయ్యి. సోమవారం వస్తామని చెప్పు."