తిరగబడ్డ కుట్టు

మార్యున్ అమ్మమ్మ పొద్దున్నే ఉన్ని, సూదులు పట్టిందంటే పొయ్యి మీద చేపలు మాడినా లేవదు. ఫారో దీవుల గాలికి స్వెటరు లేనివాడు మనిషే కాదని ఆవిడ నమ్మకం. ఇంట్లో కొందరికి ఎన్ని స్వెటర్లు అల్లినా బొడ్డు దగ్గర ఒక కుట్టైనా తిరగబడుతుంది. విప్పి పదిసార్లు అల్లినా అంతే. అది పేగువాపు జబ్బు కుట్టు. కుట్టున్న అందరికీ జబ్బు రాదు. ఆవిడ తమ్ముడు హానుస్ మూడు కుట్లతో ఎనభై ఏళ్ళకీ ఎండు మాంసం నములుతున్నాడు. జబ్బు లేస్తే మాత్రం ఆ కుట్టు పక్కవాటిని కూడా తిప్పేస్తుంది. చిన్న కూతురు తూరిద్ సిగ్గుపడి దాచింది, పెద్దపేగు పోగొట్టుకుంది.

పెద్ద కూతురి బిడ్డ రన్వాకు ఒకే కుట్టు. పంతొమ్మిదేళ్ళకే ఊరి పందెం పడవలో మూడో బల్ల మీద చోటు సంపాదించింది. జులై పండగ పందెం మూడు వారాల్లో ఉంది. దొడ్డికెళ్తే నెత్తురు పడుతోంది. తెడ్డు వేసేవాళ్ళకి బల్ల ఒరుసుకుని పుళ్ళు పడటం మామూలేనని సరిపెట్టుకుంది.

ఆ పొద్దున స్వెటరు ముందువెనకలు మార్చి వేసుకొచ్చింది.

"వెనక మెడ ముందుకొచ్చి గొంతు పిసకట్లేదుటే?" అంది అమ్మమ్మ.

"ఇప్పుడిదే ఫ్యాషన్."

"స్వెటరు తిప్పితే పేగులు కూడా తిరుగుతాయా, దొంగమొహమా? నీ వీపు చూపించు."

అరచేయంత మేర కుట్లు తిరగబడి ఉన్నాయి. అమ్మమ్మ సూదులు పక్కన పెట్టింది.

"ఎన్నాళ్ళయింది నెత్తురు?"

"నెల," అని రన్వా ఏడ్చేసింది. "చెబితే నా చోటు, ఖాళీ కోసం కాచుక్కూచున్న అన్నెకి ఇచ్చేస్తారు అమ్మమ్మా!"

"ఇవ్వనీ. లే, బస్సుకి టైమైంది."

పట్నంలో డాక్టరమ్మ రక్తం తీయించింది, పేగు లోపల కెమెరా పెట్టి చూసింది, స్వెటరు కూడా అడిగి తీసుకుని కుట్లు లెక్కపెట్టింది.

"మీ వంశపు జన్యువుల్లో ఒక మార్పుంది. అదొక్కటే జబ్బు తేదు కానీ, నీకు లేచింది. తొందరగా వచ్చావు, జబ్బుని మందులతో పడుకోబెడదాం. ఆలస్యమైతే కత్తి పట్టాల్సొచ్చేదేమో."

ఆ జులైలో మూడో బల్ల మీద అన్నె కూర్చుంది. రన్వా ఒడ్డున నిలబడి గొంతు చించుకుని అరిచింది. కుళ్ళు మాత్రం కుళ్ళే. పక్కన తూరిద్, పేగు తీసేశాక పొట్టకి తగిలించిన సంచీ సర్దుకుంటూ, "వచ్చే ఏడు నీ చోటు నీకిస్తారా?" అంది.

"ఇవ్వకపోతే లాక్కుంటా పిన్నీ. నా పేగులు నాకున్నాయిగా!"

అనేసి నాలుక కరుచుకుంది. తూరిద్ ఆమెను దగ్గరికి లాక్కుని, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది.