ఎర్రబండి ఆగిపోయాక

"రోజూ రైల్లో షికార్లు. నీ పనే హాయిగా ఉంది చిజురూ!" ఆఫీసుకు వెళ్తూ గుమ్మంలో బూట్లు వేసుకుంటున్న నా భర్త కత్సునోరి అన్నాడు. నేను అతని తండ్రిని గోడకు ఆనించి నిలబెట్టి డైపర్ మీదుగా ప్యాంటు పైకి లాగుతున్నాను. అతను ఎగతాళికి అనలేదు. నిజంగానే అలా అనుకుంటున్నాడు.

"నువ్వెలాగూ ఇంట్లోనే ఉంటావుగా" అని అతను అన్నది అత్తగారు చనిపోయిన వారంలో. అప్పటికి నేను ఇంట్లో లేను, పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తున్నాను. మానేశాక ఆ మాట నిజమైంది. ఆడపడుచు ఏటా చలికాలంలో నారింజల పెట్టె పంపి ఫోన్ చేస్తుంది: "వదినా, నువ్వు దొరకడం మా అదృష్టం." అదృష్టం ఎప్పుడూ వాళ్ళదే.

మామగారు కీచిరో మా ఊరి రైలు లైన్లో డ్రైవరుగా చేశారు. ఉద్యోగమంతా ఎక్కువగా ఒకే రకం కరెంటు బండి మీద గడిచింది. కంపెనీ దానికి ఏదో నంబరు పెట్టింది కానీ ఊళ్ళో అందరికీ అది ఎర్రబండే. బయలుదేరేటప్పుడు మోటారు లోగొంతుతో మూలిగి, వేగం అందుకున్నకొద్దీ స్వరం పెంచేది. మతి తప్పాక ఆయనకు కొడుకు పేరు కూడా గుర్తులేదు. ఆ మూలుగు మాత్రం గుర్తుంది. అందుకే రోజూ ఆయన్ని ఆ బండెక్కించి తిప్పేదాన్ని.

ఇంట్లో నన్ను "ఏయ్" అంటారు. దొంగ అంటారు. అన్నం గిన్నె విసురుతారు. ఎర్రబండి ఎక్కగానే వేరే మనిషి. డ్రైవరు వెనక అద్దం దగ్గర నిటారుగా నిలబడి, సిగ్నల్ కనబడగానే వేలు చాపి "పచ్చ! ముందుకు!" అనేవారు. తర్వాత నా వైపు తిరిగి తల వంచేవారు. "అమ్మగారూ, మీరెక్కడ దిగాలండీ?"

పెళ్ళయ్యాక నన్ను ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. రోజుకొక స్టేషన్ పేరు చెప్పేదాన్ని. ఎన్నడూ దిగని ఊళ్ళ పేర్లు. "అలాగేనండి, జాగ్రత్తగా చేరుస్తాం" అనేవారు. ఆ కాస్త మర్యాద కోసమే మిగతా రోజంతా లాగేదాన్నని ఎవరికి చెప్పను? నాకే సిగ్గుగా ఉండేది.

వసంతంలో ఆ రకం బళ్ళన్నిటినీ తీసేశారు. ఆఖరి రోజు కెమెరాలు పట్టుకున్న కుర్రకారు ప్లాట్‌ఫారం నిండా ఉన్నారు. "ముసలాయన్ని కాస్త పక్కకు జరపండి, ఫోటోలో పడుతున్నాడు" అని నా మీద అరిచారు.

మర్నాడు వెండిరంగు కొత్త బండి వచ్చింది. చప్పుడే లేదు. మామగారు నేల వంక, గోడల వంక చూశారు. "మోటారేది? చచ్చిపోయింది! దింపండి, జనం ఉన్నారు, దింపండి!" అంటూ తలుపులు బాదారు. చేయి పట్టుకోబోతే నా చెంప మీద కొట్టారు. కాళ్ళ వెంట తడి పారి నేల మీద పరుచుకుంది. నా మెడకున్న ఉన్ని శాలువాతో మోకాళ్ళ మీద కూర్చుని తుడిచాను. అందరూ ఫోన్లలోకి తలలు దించుకున్నారు. ఒకావిడ మాత్రం జాలిగా అంది: "పెద్దాయన్ని ఇలా తిప్పడమెందుకమ్మా, పాపం!"

"నువ్వు కంగారుపడి ఉంటావు. అదే ఆయనకు అంటుకుంది" అన్నాడు సాయంత్రం కత్సునోరి.

"ఆదివారం మీరు తీసుకెళ్ళండి."

తీసుకెళ్ళాడు. పొయ్యి మీద అన్నం ఉడికేలోగా తిరిగొచ్చాడు. దవడ మీద గోటి గీత. తండ్రిని నాకు అప్పగించి స్నానాలగదిలోకి పోయాడు. లోపల్నుంచే అన్నాడు: "ఇంక బయటికి తిప్పకు. తెలిసినవాళ్ళు చూశారు."

"పగలు కాసేపైనా వృద్ధుల కేంద్రంలో ఉంచుదామండీ. నాకు చేతకావడం లేదు."

"ఇంట్లో నువ్వుండగానా? నలుగురూ ఏమనుకుంటారు?" నీళ్ళ చప్పుడు మళ్ళీ మొదలైంది.

మర్నాడు తలుపుకు పైఎత్తున తాళం బిగించాడు. తాళంచెవి నా చేతికే ఇచ్చాడు. కానీ మామగారిని ఒంటరిగా వదలకూడదు, వెంట తీసుకెళ్ళకూడదు. ఇక ఆ తాళంచెవితో నేనేం చేసుకోను? పగలంతా ఆయన తలుపు గోకుతూ ఉంటే పక్కన కూర్చుని బఠాణీలు ఒలిచాను. మధ్యాహ్నానికి ఆయన గోకడం మానేశారు.

సాయంత్రం కత్సునోరి వచ్చి కోటు నా చేతికిచ్చి అడిగాడు.

"ఇవాళ బయటికి పోలేదు కదా?"

"లేదు" అన్నాను. ఎవరి గురించి అడిగాడో నేను అడగలేదు.