రూబెన్ ఎత్తిన తాడు

అమెరికాలో ఎనిమిదేళ్ళు జీతానికి ఫుట్‌బాల్ ఆడిన రూబెన్, ఆ ఎనిమిదేళ్ళలో ఒక్కసారీ బంతి పట్టుకోలేదు. కాలితో తన్నే ఆట కాదది, హెల్మెట్లు పెట్టుకుని ఎద్దుల్లా కుమ్ముకునే ఆట. బంతి ఉన్నవాడి ముందు నిలబడి, మీదికొచ్చేవాళ్ళని మూడు సెకన్లు ఆపడమే ఇతని ఉద్యోగం. పేరు వాడికి, దెబ్బలు ఇతనికి. మోకాలు పోయాక జట్టు పొమ్మంది. తాతలు వలసొచ్చిన, తను పుట్టిన రంగూన్‌కే, అదే ఇప్పటి యాంగోన్‌కే, తిరిగొచ్చి, సంచౌంగ్ పేటలో అక్క మార్గరెట్ ఇంట్లో ఉంటున్నాడు.

సైన్యం గద్దెనెక్కి నెలైంది, వీధివీధినా జనం ఎదురు తిరుగుతున్నారు. ఆ పొద్దున ఫోన్లు, నెట్టు రెండూ చచ్చాయి. వీధి మొగలో కాల్పులు వినగానే రూబెన్ పరిగెత్తాడు. పరుగేమిటి, కుంటుడు. మెడిసిన్ చదివే మేనకోడలు నిర్మల అక్కడే ఉంది. కాల్లో తూటా దిగిన టీకొట్టు కన్నయ్యని చంకల కింద చేతులేసి ఈడుస్తోంది. ఇల్లేమో సందు మలుపు అవతల.

వీధికి అడ్డంగా కట్టిన తాడు మీద ఆడవాళ్ళ లుంగీలు వేలాడుతున్నాయి. వాటి కింద నడిచిన మగాడి మహిమ మట్టిలో కలుస్తుందని ఆ ఊరి నమ్మకం. తుపాకులున్న సిపాయిలు కూడా అందుకే ఆగి, తాడు లాగెయ్యడానికి కర్ర తెమ్మని మనిషిని పంపారు. సరిగ్గా అప్పుడే స్తంభం దగ్గర ముడి జారింది. తాడు నేలకొచ్చింది.

"ఎవురైనా ఎత్తండర్రా!" నిర్మల అరిచింది.

రేకు డాళ్ళు పట్టుకున్న మగాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. బాష్పవాయువుకి బెదరని మొనగాళ్ళు తడి లుంగీకి బెదిరారు. వాళ్ళననేం లాభం? రూబెన్ మాత్రం తక్కువ తిన్నాడా? నలభై అయిదేళ్ళొచ్చినా అక్క బట్టలారేసిన దండెం చుట్టూ తిరిగి వెళ్ళే మనిషి. "సర్చికెళ్ళేవోడివి, నీకీ పట్టింపేటిరా?" అని మార్గరెట్ వెక్కిరించేది.

భయపడుతూనే తాడు అందుకున్నాడు. రెండు చేతులూ పైకెత్తి, దాని కిందే నిలబడ్డాడు. తడిబట్ట నెత్తిన పడింది.

"మావయ్యా, మరి నువ్వు?"

"నానుంటాను. నువ్వెల్లు!"

సిపాయిలు ఆగిపోయారు. ఆఫీసరు బూతులు లంకించుకున్నాడు. మూడు సెకన్లు ఎప్పుడో దాటాయి. ఇంతలో కర్ర రానే వచ్చింది. మొదటి దెబ్బ మోకాలి మీదే. కూలబడ్డాడు గాని చెయ్యి దించలేదు. రెండోది మోచేతి మీద. మలుపు అవతల గడియ పడిన చప్పుడు విన్నాకే తాడు వదిలాడు.

అతన్ని సందులోకి ఈడ్చుకెళ్ళారు. పారిపోయినవాళ్ళ కోసం వెతుకుతూ ఒక్కో గుమ్మం దగ్గరా ఆఫీసరు బర్మీస్‌లో అదే ప్రశ్న: "ఇది నీ ఇల్లా?"

కన్నయ్య నెత్తురు కనపడకుండా మార్గరెట్ గడప కడిగినట్టుంది, నీళ్ళింకా కారుతున్నాయి.

"ఇదా?"

"కాదు. ఈ ఇంట్లో నాకెవరూ లేరు" అన్నాడు రూబెన్, లోపలికి వినపడేలా.

తలుపు వెనక అక్క ఊపిరి బిగబట్టడం తెలుస్తోంది. ఏడవకక్కా, వీళ్ళని ఈ గుమ్మం దాటిపోనీ, అని లోలోపలే బతిమాలుకున్నాడు.

ఆవిడ ఏడవలేదు. ఆఫీసరు పక్క గుమ్మానికి కదిలాడు.