అవ్వ ఆపిన చోటు

బుధవారం పొద్దుటి నుంచి వాసుకి కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉంది. విరుదునగర్‌లో పప్పుల మిల్లు వెనక, మేడ మీద ఆమె అద్దెకున్న గది పట్టుమని పన్నెండు అడుగులు లేదు. అందులో ఎంతని తిరుగుతుంది? కిటికీ దాకా పోతుంది, కింద మిరపకాయ బస్తాలు దించుతున్న లారీని చూస్తుంది, ఓ తుమ్ము తుమ్ముతుంది, వెనక్కి వస్తుంది. ఫోనులో ఏడో పాట పెడుతుంది, చివరి నిమిషం రాకముందే ఆపేస్తుంది. శాక్సోఫోన్ పెట్టె తెరిచి రీడ్ తీసి నోట్లో పెట్టుకుంటుంది. రీడ్ అంటే ఏమీ లేదు, వేలెడంత రెల్లుముక్క. నోట్లో నానితే గాని వాయిద్యం పలకదు. అది నానుతుంది, ఈమె మాత్రం ఊదదు. మళ్ళీ కిటికీ.

శుక్రవారం ఆమె మొదటి జాజ్ ఆల్బం విడుదల. ప్రతి శుక్రవారం లోకంలో కొత్త ఆల్బమ్‌లు కుప్పలుగా వచ్చి పడతాయి, అందులో ఇదొకటి. వాసుకికి ముప్పై నాలుగేళ్ళు. తండ్రి వెళ్ళైసామి బ్యాండు మేళంలో శాక్సోఫోన్ ఊదేవాడు. ఆయన పోయాక ఆ వాయిద్యం ఈమె మెడకెక్కింది. పెళ్ళి ఊరేగింపుల్లో, తేరు ఉత్సవాల్లో ఊదింది, అదే ఇన్నాళ్ళూ అన్నం పెట్టింది. జాజ్ మాత్రం ఎవరూ నేర్పలేదు. ఫోనులో విని, విన్నది ఊదీ ఊదీ పట్టుకుంది.

జాజ్ వాళ్ళకు ఒక పాటల మూట ఉంటుంది. ఎప్పటివో పాత పాటలు, వాయించే ప్రతివాడికీ వచ్చినవి. స్టాండర్డ్స్ అంటారు వాటిని. ముందు ఉన్నదున్నట్టు ఒకసారి వాయించి, తర్వాత కుట్లు విప్పి ఎవరికి నచ్చినట్టు వాళ్ళు మళ్ళీ కుట్టుకోవచ్చు. ఎలా మార్చావని మెచ్చుకుంటారే తప్ప ఎందుకు మార్చావని నిలదీసేవాడు ఉండడు. ఈ ఆల్బంలో అలాంటివి ఆరు. అందులో ఒక విరహగీతాన్ని జట్టులో డ్రమ్ములు వాయించే రామ్‌కుమార్, గుడి ఉత్సవాల్లో కొట్టే ఉరుమి మేళం దెబ్బతో పరిగెత్తించాడు. విరహం కాస్తా జాతరైపోయింది. వింటే నవ్వొస్తుంది, నవ్వు ఆగాక గుండె పట్టేస్తుంది.

ఏడోది ఇంటి పాట. పుదూరు వైపు నల్లరేగడి పల్లెల్లో తరాలుగా ఆ తమిళనేల మీద ఉంటున్న తెలుగు ఇళ్ళ ఆడవాళ్ళు వాన కోసం పాడే నాలుగు వరుసల పాట. మొదట వాసుకి నాయనమ్మ చెల్లెలు చిన్నతాయి గొంతు వినిపిస్తుంది. పోయిన వేసవిలో వాసుకి ఫోనులో పట్టుకున్న గొంతు అది. మూడు వరుసలు పాడి గొంతు ఆగిపోతుంది. నాలుగో వరుసను శాక్సోఫోన్ అందుకుని, ఒక నిమిషం పాటు ఆకాశానికెక్కి అక్కడే ముగుస్తుంది. చెన్నైలో కొత్త జాజ్ ఆల్బమ్‌ల గురించి రాసే ఒకాయన దీన్ని ముందుగానే విని, ఆ ఒక్క నిమిషం కోసమైనా ఈ ఆల్బం కొనొచ్చని రాశాడు. వాసుకి ఆ మాటను ఇప్పటికి పందొమ్మిదిసార్లు చదివింది. చదివినప్పుడల్లా ఫోను బోర్లించి పక్కన పెట్టేస్తోంది.

ఎందుకో ఆమెకు తెలియకపోలేదు. పాట అయ్యి మూడు నెలలైంది, అవ్వకు ఇంకా వినిపించలేదు. ఇవాళ, రేపు అని నెట్టుకుంటూ వచ్చింది. మధ్యాహ్నం రెండింటికి ఇక ఉండబట్టలేక కోవిల్‌పట్టి బస్సెక్కింది.

బస్సులోనూ కుదురు లేదు. సాత్తూరు దాటాక దారికి రెండు పక్కలా దున్నిన నల్లనేల, దాని మీద ఎండ. వాన రాకముందే పొడినేలలో విత్తేశారు జనం. మక్కజొన్న, పెసలు లోపల పడి ఉన్నాయి. వానలు పడాల్సిన ఐప్పసి నెల వచ్చి పది రోజులైనా చుక్క లేదు. వాసుకి అవేవీ చూడలేదు. పాట నచ్చితే అవ్వ ఏమంటుందో తలుచుకుంది. నచ్చకపోతే అన్నది తలుచుకోలేదు.

చిన్నతాయి కోవిల్‌పట్టిలో కొడుకు అళగర్సామి ఇంట్లో ఉంటుంది. డెబ్బై ఆరేళ్ళు, మోకాళ్ళు మొరాయించాయి, నోరు మాత్రం మొరాయించలేదు. కొడుకు పుదూరు దగ్గర చేలో ఉన్నాడు. విత్తనాలు తవ్వి తినే నెమళ్ళను తోలడం ఈ నెలంతా అతని ఉద్యోగం. అవ్వ గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. వాసుకి పక్కన కూర్చుని, ఫోను అరుగు మీద పెట్టి, ఏడో పాట మోగించింది.

“మబ్బూ మబ్బూ యాడికి పోతివి, మా చేను మరిసి యాడికి పోతివి” అని ఫోనులోంచి ముసలిగొంతు వచ్చింది. అవ్వ నోరు మూసుకుని నవ్వింది.

“ఇది నా గొంతా? దీనికన్నా కాకి మేలు.”

మూడో వరుస అయిపోయింది. శాక్సోఫోన్ లేచింది. అవ్వ చెయ్యి చింతపండు మీంచి లేచి ఫోను మీద బోర్లా పడింది.

“ఆపమ్మి.”

వాసుకి ఆపింది. “ఏమవ్వా, బాగలేదా?”

“బాగుండాది. దానికే ఆపమంటి.” అవ్వ చెయ్యి తీయలేదు. “నేను మరిసిపోయినానని నువ్వు పూర్తి సేసినావా?”

వాసుకికి చెవులు వేడెక్కాయి. “ఆ పొద్దు నువ్వు మూడు వరుసలు పాడి నిలిపేస్తివి గదా. వయసైంది, మరిసిపోయినావు అనుకొంటి. ఆ నాలుగోది, కడేసి వరుస, నాకు నేర్పింది నువ్వేగా.”

“నేర్పింది ఎప్పుడు? సెప్పు.”

వాసుకి తలుచుకుంది. తనకు ఎనిమిదేళ్ళు. సెలవులకు పల్లెకు వెళ్ళింది. రేకుల కప్పు మీద హోరు, వాకిట్లో మోకాలిలోతు నీళ్ళు, అవ్వ ఆ నీళ్ళలో నిలబడి తనను చంకనేసుకుని పాడింది.

“వానలో,” అంది.

“వానలోనే. మళ్ళెప్పుడన్నా వింటివా?”

వినలేదు. టౌనులో పెరిగిన పిల్ల, ఏడాదికి నాలుగు రోజులు పల్లెకు పోయినది, ఎక్కడ వింటుంది? అవ్వ చేతికంటిన చింతపీచు కొంగుకు తుడుచుకుని చెప్పింది. వాన రాని ఏడాది ఆడవాళ్ళు కుండ పట్టుకుని ఇంటింటా గంజి అడుక్కుంటారు. ఊరి పొలిమేరకు పోయి, ఆ గంజి తాగి, పైకి చూసి మూడు వరుసలు పాడతారు. ఆపేస్తారు. మాట్లాడకుండా ఇంటికి వచ్చేస్తారు. నాలుగో వరుస అడిగేది కాదు, వచ్చిందని చెప్పేది. పాడేవాళ్ళ కాళ్ళ కింద నేల తడిస్తేనే దాన్ని పాడాలి.

“రాని సుట్టాన్ని వచ్చినాడని సాటితే, దోవలో ఉండే సుట్టం అట్లే తిరిగిపోతాడు,” అంది అవ్వ. “నాలుగెకరాలు పొడిలో విత్తినం. నీ చిన్నాయన నెమిళ్ళతో కొట్లాడుకుంటా ఆడ పడుండాడు. నా గొంతు తీసెయ్. లేదంటే ఆ కడేసిది తీసెయ్. రెండూ సేర్చి లోకానికి ఇయ్యొద్దు.”

“అందులో మాట లేదవ్వా. సుమ్మ, ఉత్త వాయిద్యమే.”

“మాట లేకపోతే నాకెట్ల తెలిసె?”

వాసుకికి కోపం వచ్చింది. జాజ్‌లో పాట ఎవరిదైనా మార్చుకోవచ్చునని, లోకమంతా అదే చేస్తోందని, గొంతు కాస్త పెంచే చెప్పింది.

“మార్చు. పరిగెత్తించు, పడుకోబెట్టు. నేను మాత్రం మా అమ్మ పాడినట్లే పాడుతుండానా?” అంది అవ్వ నింపాదిగా. “ఎట్ల పాడేది మన ఇష్టం. ఎప్పుడు పాడేదో, అది మన ఇష్టం కాదు.”

అవ్వ వేరుశనగపప్పు బెల్లంపాకంలో వేసి చేసిన కడలైమిఠాయి పొట్లం చేతిలో పెట్టింది. వాసుకి దాన్ని సంచిలో కుక్కి వచ్చేసింది. బస్సులో సాత్తూరు దాకా అవ్వ మీద కోపం, సాత్తూరు నుంచి తన మీద సిగ్గు. ముసలిది మరిచిపోయింది అనుకోవడం ఎంత తేలికగా జరిగిపోయింది! ఒక్కమాట అడిగి ఉంటే సరిపోయేది. అడగడానికి తనకు తీరిక లేకపోయింది.

గురువారం రామ్‌కుమార్, బేస్ గిటార్ వాయించే జెయకుమార్ ఆమె గదికి వచ్చారు. పాట మార్చాలంటే సాయంత్రం ఆరు దాకా గడువుంది, ఆ తర్వాత బ్రహ్మ కూడా మార్చలేడు. రామ్‌కుమార్ వాళ్ళది ఎట్టయాపురం వైపు పల్లె, అతనికీ ఇంట్లో తెలుగే. సంగతంతా విని అతను డ్రమ్ముకర్రలు ఒళ్ళో పెట్టుకున్నాడు.

“ఆ నిమిషం తీసేస్తే మనకు ఏముండాది మిగిలేకి? చెన్నై ఆయన రాసిందే దాన్ని గురించి. నువ్వు పుట్టినప్పటి నుంచి అట్ల ఊదలేదు, నిజం సెప్పు.”

“ఊదలేదు,” అంది వాసుకి.

“మరి? వాన మన ఆల్బం వింటాదా?”

“వినదు. అవ్వ వింటాది.”

రామ్‌కుమార్ ఒళ్ళోని కర్రలు పక్కన పెట్టి, అయితే అవ్వ గొంతు తీసేద్దాం, ఊదినది ఉంచుదాం, ఆమె చెప్పిన రెండింటిలో అదీ ఒకటే గదా అన్నాడు. న్యాయమే. వాసుకికి ప్రాణం లేచొచ్చింది. జెయకుమార్ లాప్‌టాప్‌లో గొంతును తీసేసి పాట మోగించాడు. ముగ్గురూ విన్నారు. శాక్సోఫోన్ తొలి క్షణం నుంచే సంబరపడిపోతోంది, ఎందుకు సంబరమో తెలియడం లేదు. ఎవరూ అడగకముందే ఇచ్చిన జవాబులా ఉంది. వాసుకి మళ్ళీ వేయించింది, మళ్ళీ వేయించింది. నాలుగోసారి రామ్‌కుమారే “సాలు” అన్నాడు.

అయిదూ పదికి వాసుకి అవ్వ గొంతును మళ్ళీ పెట్టించింది. మూడో వరుస తర్వాత ఎక్కడ కోయాలో వెతకడానికి చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుంది. అప్పుడు వినిపించింది. మూడో వరుస అయ్యాక అవ్వ ఊపిరి పీల్చింది. పాడబోయే మనిషి పీల్చే ఊపిరే అది. తర్వాత పెదాలు మూసుకున్న చిన్న చప్పుడు. మూడు నెలలుగా ఈ చప్పుడు ఆమె చెవిలో పడుతూనే ఉంది, దాన్ని మతిమరుపు అనుకుంది.

“ఇక్కడ,” అని చూపించింది.

జెయకుమార్ కోశాడు. ఆమె బతుకులో ఊదిన అన్నిటికన్నా మంచి నిమిషం తెర మీద ఒక నీలిగీతలా కనిపించి మాయమైంది. వాసుకి ఏడవలేదు గాని, టీ తెస్తానని కిందికి పోయి చాలాసేపటికి గాని రాలేదు, వచ్చినప్పుడు చేతిలో టీ లేదు.

శుక్రవారం ఆల్బం బయటికి వచ్చింది. ఆరు పాటలూ బాగున్నాయని నలుగురూ అన్నారు. ఏడోది మధ్యలో తెగిపోయిందని, ఫైలు పాడైందేమో చూసుకోమని పదిహేను మంది రాశారు. చెన్నై ఆయన తన వాక్యాన్ని తీసేసి, మొదట విన్న ముగింపు ఇప్పుడు లేదని, కారణం తెలియదని రాశాడు. వాసుకి ఎవరికీ జవాబు రాయలేదు. ఏమని రాస్తుంది? రోజుకు ఇరవైసార్లు కిటికీలోంచి పైకి చూడటం నేర్చుకుంది. ఊరేగింపులో ఊదుతున్నా చూపు మబ్బుల మీదే. వానను నమ్ముతున్నావా అని రామ్‌కుమార్ ఏడిపిస్తే, నమ్మడం లేదు, ఎదురుచూస్తున్నానంది. మర్నాడు అతనే ఫోన్ చేసి, మీ వైపు ఏమైనా పడిందా అని అడిగాడు.

పదకొండో రోజు, సోమవారం, నాలుగు గంటల వేళ ఫోన్ మోగింది. ఎత్తితే ఒకటే హోరు. ముందు లైను బాగాలేదనుకుంది.

“అమ్మి, వినబడతా ఉండాదా?” అవ్వ గొంతు. “చేలో నిలబడుండా. అళగర్సామి వద్దు వద్దంటే బండి మీద ఎక్కి వస్తి. మడమల దాకా దిగబడినా.”

వెనక నుంచి అళగర్సామి గొడుగు పట్టుకోమని మొత్తుకుంటున్నాడు. అవ్వ అతన్ని పట్టించుకోకుండా పాట ఎత్తుకుంది. ఒకటి, రెండు, మూడు వరుసలు. ఊపిరి పీల్చింది. ఈసారి పెదాలు మూసుకోలేదు.

ఆ నాలుగో వరుస ఇక్కడ రాయను. మీరు ఇది చదివే ఊళ్ళో నేల తడిసి ఉందో లేదో నాకేం తెలుసు? ఒక్క సంగతి మాత్రం చెప్పొచ్చు. అది వాసుకి గుర్తున్నట్టు పైకి ఎక్కేది కాదు. ఎనిమిదేళ్ళ పిల్ల సంబరంలో అలా గుర్తుపెట్టుకుంది. అసలు వరుస కిందికి దిగింది, చంకలోని కుండను దించి నేల మీద పెట్టినట్టు, మెల్లగా. చెన్నై ఆయన మెచ్చిన ఆ నిమిషమంతా తప్పు స్వరం మీద కట్టినదే. వాసుకికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి, రెంటినీ మింగి, శాక్సోఫోన్ మెడకు తగిలించుకుని రీడ్ నోట్లో పెట్టుకుంది.

“ఉండవ్వా, పెట్టెయ్యొద్దు. నేనూ ఊదుతా,” అంది రీడ్‌ను బుగ్గకు నెట్టి.

“ఆడ పడతా ఉండాదా?”

వాసుకి కిటికీలోంచి చెయ్యి చాపింది. అరచేతిలో మిల్లు దుమ్ము, గాలిలో మిరపఘాటు. కింద లారీ మీద టార్పాలిన్ కూడా కప్పలేదు.

“లేదవ్వా.”

“అట్లైతే ఊదొద్దు. నీ కాళ్ళ కింద తడిసేదాకా ఉండు,” అంది అవ్వ. ఫోను తడుస్తోందని కొడుకు లాక్కున్నట్టున్నాడు, హోరు ఆగిపోయింది.

వాసుకి శాక్సోఫోన్ పట్టుకుని మెట్లెక్కి పైకప్పు మీదికి పోయింది. చెప్పులు విడిచింది. సిమెంటు ఇంకా కాలుతోంది. దక్షిణాన, సాత్తూరుకు అవతల, ఆకాశం నల్లగా ఉంది. అది ఇటు వస్తుందో, అటే పోతుందో చెప్పడం కష్టం. ఆమె ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతూ, రీడ్ ఆరిపోకుండా నోట్లో నానబెట్టుకుంటూ నిలబడింది.