పటంలో నలభై మూడో చుక్క

సోమవారం పొద్దున వనజాక్షి కుర్చీలో కూర్చునేసరికి తెర మీది పటంలో ఒక చుక్క ఎక్కువగా ఉంది. ఆమె నెట్‌వర్కు చూసుకునే ఇంటర్నెట్ కంపెనీకి అనంతపురం చుట్టుపక్కల ఉన్న రౌటర్లు నలభై రెండే. వారానికోసారి సాఫ్ట్‌వేరే నెట్‌వర్కంతా గాలించి, కనబడ్డ ప్రతి పెట్టెనూ పటంలో చేరుస్తుంది. ఈసారి నలభై మూడోది దొరికింది. పేరు ‘రాప్తాడు రెండు’.

వనజాక్షికి ఒళ్ళు మండింది. ఆ పెట్టె పాతబడిందని ఎండాకాలంలోనే విప్పేశారు. విప్పింది లైన్‌మన్ కుళ్ళాయప్ప. మొన్ననే కొత్త బైకు కొన్నాడు. అంటే దాన్ని ఏ హోటల్లోనో పెట్టి దొంగ కనెక్షన్లు అమ్ముకుంటున్నాడన్నమాట!

ఫోను చేసింది. “ఏమప్పా, ఆ రాప్తాడు డబ్బా యాడ పెట్టినావు?”

“నీ చేతికే ఇచ్చినా గదక్కా.”

“నాకిస్తే పటంలో ఎట్లా ఎలుగుతాండాది?”

“నాకేం తెలుసు? నన్ను దొంగను చేస్తాండావా?”

గుమ్మడికాయ దొంగ ఎవడంటే భుజాలు తడుముకున్నట్టుంది అనుకుంది వనజాక్షి. వెంటనే మేనేజర్ ప్రతాప్ చెవిన వేసింది. సాయంత్రానికి తాళాలు ఇచ్చేసి పొమ్మను అన్నాడాయన.

దొంగ సొత్తు ఎక్కడుందో కూడా పట్టిద్దామని మధ్యాహ్నం ఆ చుక్కను నొక్కింది. అది తగులుకుని ఉన్నది తమ ఆఫీసులో నెట్‌వర్కు తీగలన్నీ కలిసే స్విచ్చి పెట్టెకే! దాని పదకొండో రంధ్రం నుంచి తీగ పట్టుకుని పోతే సామాన్ల గది వచ్చింది.

వాడిన బంతిపూల కింద, పసుపు కుంకుమలతో, ఆ పెట్టె మినుకుమంటోంది. మొన్న శుక్రవారం ఆఫీసులో ఆయుధ పూజ చేశారు. వెలగని దానికి పూజేమిటని, ఏ ఊరి పెట్టెో చూడకుండానే కరెంటు ఇచ్చి, నాలుగు లైట్లూ ఆడాలని నెట్‌వర్కు తీగ కూడా గుచ్చింది వనజాక్షే. లోపలి పాత పేరును ఎవరూ చెరపలేదు. అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా?

చుట్టూ చూసి తీగ పీకేసింది. వెనక్కి వచ్చేసరికి చుక్క ఎర్రబడింది. దాన్ని తుడిచేస్తే ఎవరికీ తెలియదు. కుళ్ళాయప్ప పోతాడు, తన పరువు నిలుస్తుంది.

అంతలో కుళ్ళాయప్పే వచ్చి తాళాలగుత్తి బల్ల మీద పెట్టాడు. ఆమె ముఖం చూడలేదు.

“ఉండప్పా, పోవద్దు.”

వనజాక్షి సామాన్ల గదిలోకి పోయి తీగను మళ్ళీ గుచ్చింది. చుక్క పచ్చబడేదాకా ఆగి, అతని ముందే ప్రతాప్‌కు ఫోను చేసింది.

“సార్, డబ్బా మన ఆఫీసులోనే ఉండాది. ఎలిగించింది నేనే. అట్లే పెట్టినా, వచ్చి చూడండి.”