టీ ధర దించినవాడు

నాకు కోపం ఎక్కువని మా ఆవిడ ఛాయ అంటుంది. ఎక్కువేమీ కాదు, ఉండాల్సినంత ఉంది. భిలాయి ప్లాంటు రైల్ మిల్లులో ముప్పై ఎనిమిదేళ్లు పనిచేసి రిటైరైనవాడికి ఆ మాత్రం వేడి మిగలదా?

ఆ కోపం వల్ల ఒకసారి లోకానికి మేలు కూడా జరిగింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా క్యాంటీన్ కాంట్రాక్టరు టీ మీద పది పైసలు పెంచాడు. నేను ఊరుకోలేదు. ఎ, బి, సి మూడు షిఫ్టులకీ చార్టు గీసి, ఏ షిఫ్టులో ఎవరు ఎవరికి చెప్పాలో రాసి, మిల్లు మొత్తం చేత టీ మాన్పించాను. నా పక్కన గట్టిగా నిలబడ్డవాడు సింహాచలమని ఒక కాంట్రాక్టు లేబరు. టీ లేకపోతే తలనొప్పితో గిలగిల్లాడేవాడు, అయినా గ్లాసు ముట్టలేదు. నాలుగో రోజుకి కాంట్రాక్టరు దిగొచ్చాడు. మళ్లీ పాత ధర.

ఈ సంగతి నేను ఎవరికి చెబుతున్నా ఛాయ వంటింట్లోంచి ఒక మాట విసురుతుంది.

"ధరతో పాటు గ్లాసూ చిన్నదయ్యిందటగా!"

"అబద్ధం. ఎవడన్నాడు?"

"అందరూ అనుకునేవారు, మీ ఎదుట తప్ప."

నలభై ఏళ్లుగా ఇదే వరస. నేనూ ఒప్పుకోను, ఆవిడా మానదు.

ఇక పెట్రోలు సంగతి. వంద దాటిన రోజున తిట్టుకున్నాం, తర్వాత అలవాటు పడ్డాం. మొన్న మళ్లీ పెరిగేసరికి నాకు ఒళ్లు మండింది. ఆదివారం సెక్టర్ 2లో మా తెలుగువాళ్ల సమావేశం ఉంటే, చందాల గొడవ తేలకముందే లేచి నిలబడ్డాను. వారం రోజులు మనలో ఎవరూ పెట్రోలు కొనొద్దన్నాను. ప్లాంటు గేటు ముందు ఒకప్పుడు వేల సైకిళ్లు ఉండేవి, మన నాన్నలందరూ సైకిల్ మీదే డ్యూటీకి వెళ్లి మనల్ని చదివించారు, మనకేం కాళ్లు పడిపోయాయా అన్నాను. క్యాంప్ 2 దారిలో ఉన్న మనోజ్‌కుమార్ బంకు మనవాళ్లతోనే నడుస్తోంది, అక్కడ అమ్మకం ఆగితే అతను కంపెనీవాళ్ల మీద పడతాడు, కంపెనీవాళ్లు పైవాళ్ల మీద పడతారు అన్నాను.

మా పక్క క్వార్టర్ హరినాథ్, ఇప్పుడు ఎ షిఫ్టు ఆపరేటర్, మెల్లిగా అడిగాడు.

"బంకువాడి చేతిలో ఏటుంది గురువుగారూ? రేటు పైనుంచి వస్తాది కదా."

"ఇలాంటి అనుమానాలు పెట్టుకునే అన్నిటికీ రెట్టింపు కడుతున్నాం. కూర్చో" అన్నాను. పాపం కూర్చున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను ఇంటికొచ్చి షిఫ్టుల చార్టు గీశాను.

మా తెలుగువాళ్లందరూ ఆ బంకుకే ఎందుకు వెళ్తారో చెప్పాలి. ధర ఎక్కడైనా ఒక్కటే. అక్కడ నూకరత్నం ఉంటుంది, అందుకు వెళ్తారు. సింహాచలం భార్య. అతను కామెర్లతో పోయాక ఆ బంకులో పనికి కుదిరింది. పెట్రోలు పోస్తూనే ఎవరి మోకాళ్లు ఎలా ఉన్నాయో, ఎవరి కోడలికి ఎన్నో నెలో కనుక్కుంటుంది. తెలుగు రెండు ముక్కలు కూడా సరిగ్గా రాని మా పిల్లకాయలు సైతం "పిన్నీ, దో సౌ కా డాల్‌దో" అని రెండొందలకి పోయమంటూ ఆవిడ మిషన్ దగ్గరే వరస కడతారు.

సమ్మె సంగతి ఆమెకి నేనే చెప్పాలనిపించింది. సోమవారం నుంచి మొదలనగా ముందురోజు సాయంత్రం వెళ్లాను. నూకరత్నం ఖాకీ చొక్కా చీర మీద సర్దుకుంటూ అంతా విన్నది.

"అప్పుడు టీ మాన్పించినారే, అలగేనా బాబూ?"

"అచ్చం అలాగే."

"అయితే నానూ ఉన్నాను."

నవ్వుకుంటూ వచ్చేశాను. పెట్రోలు అమ్మే మనిషి పెట్రోలు మానేసేదేముంది, మాట వరసకి అన్నది అనుకున్నాను. ఆవిడ మాట వరసకి ఏదీ అనదని నాకు తెలిసుండాలి.

సోమవారం పొద్దున్నే పాత సైకిల్ బయటికి తీశాను. గేటు వైపు వెళ్తుంటే మనవాళ్ల సైకిళ్లు కూడా కనిపించాయి, మూడు. మర్నాడు రెండు. అయినా వాట్సాప్ గ్రూపు నిండా బిగించిన పిడికిళ్లూ, జిందాబాద్‌లూ. నా మోకాళ్లు వాచాయి. ఛాయ వేణ్ణీళ్ల గుడ్డ పెడుతూ, "ధర దిగేలోపు మీరు పడిపోయేలా ఉన్నారు" అంది. నేను పళ్లు బిగించాను. బంకు వైపు మాత్రం వెళ్లలేదు. మన దెబ్బకి మనోజ్‌కుమార్ ఎలా విలవిల్లాడుతున్నాడో చివరి రోజున చూద్దామని దాచుకున్నాను. ఎంత చిన్నబుద్ధో ఇప్పుడు తెలుస్తోంది.

శనివారం ఇక ఆగలేక వెళ్లాను. నూకరత్నం మిషన్‌కి అడ్డంగా తాడు కట్టి ఉంది. మనోజ్‌కుమార్ గాజు గదిలోంచి బయటికొచ్చి, కుర్చీ వేసి, నీళ్లు ఇచ్చాడు. ఆ మర్యాదకే నాకు భయం వేసింది.

"నూకరత్నం ఏదీ?"

"నిన్న మానిపించాను సర్."

కెమెరా రికార్డు పెట్టి చూపించాడు. గురువారం పొద్దుట. మా వాళ్ల స్కూటర్ ఒకటి లోపలికొచ్చింది. నూకరత్నం ఎదురెళ్లి, రెండు చేతులూ జోడించి, ఏదో చెప్పి వెనక్కి పంపేసింది. ఇంకోటి వచ్చింది, దాన్నీ పంపేసింది. అలా పొద్దుటంతా వచ్చినవాళ్లకి వచ్చినట్టు దణ్ణం పెడుతూనే ఉంది. వాళ్లలో మా హరినాథ్ కూడా ఉన్నాడు. తల గోక్కుని, బండి తిప్పుకుని, రోడ్డు దాటాడు.

"ఎక్కడికి వెళ్లాడో చూడండి" అన్నాడు మనోజ్‌కుమార్.

రోడ్డుకి అవతల ఇంకో బంకు ఉంది. తెర మూలన చిన్నగా కనిపిస్తోంది. హరినాథ్ అక్కడ వరసలో నిలబడ్డాడు. అతని ముందు మరో నలుగురు మావాళ్లు.

"సర్, రేట్ మేరే హాథ్ మే నహీ హై" అన్నాడతను. ధర తన చేతిలో లేదని, తనకి వచ్చే కమీషన్ కూడా పైవాళ్లే నిర్ణయిస్తారని విడమరిచి చెప్పాడు. ఊళ్లో పెట్రోలు ఒక్క చుక్క కూడా తక్కువ అమ్ముడవలేదట, ఇక్కడ పోయవలసింది అక్కడ పోశారట, అంతే. "మీవాళ్లు రాకపోతే ఒక వారం ఓర్చుకునేవాణ్ణి. వచ్చినవాళ్లని నా మనిషే పంపేస్తే ఏం చేయను? ఆమె ఉంటే తెలుగువాళ్లు వస్తారనే ఆమెని పెట్టుకున్నాను."

నాకు అతని మీద కోపం రాలేదు. హరినాథ్ మీద వచ్చింది, అదీ నిలవలేదు. ఎ షిఫ్టుకి ఆరింటికల్లా గేటు దగ్గర ఉండాలి, మధ్యాహ్నం దిగ్గానే పిల్లని స్కూలు నుంచి తేవాలి. సైకిల్ తొక్కే తీరిక నాలాంటి పెన్షన్‌వాడికి ఉంటుంది. ఈ వారం సమ్మె నిజంగా చేసింది ఇద్దరమే. నాకేమో మోకాళ్లు వాచాయి, ఆమెకేమో పని పోయింది. నాకు ఏడుపొచ్చింది.

అక్కణ్ణించి తిన్నగా క్యాంప్ 2లో ఆవిడ ఇంటికి వెళ్లాను. నూకరత్నం గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. నన్ను చూసి గబగబా లేచి కుర్చీ తుడిచింది.

"తగ్గిందా బాబూ?"

నేను తల అడ్డంగా ఊపాను.

"రేపొక్క రోజుంది కదా. సూద్దాం."

"నీ పని పోయిందని నాకు చెప్పలేదేం?"

"ఏటి సెప్పేది? మజ్జిలో సెప్తే మీరు సమ్మె ఆపీసుందురు."

"వచ్చినవాళ్లకి పొయ్యొచ్చు కదా నూకరత్నం! నిన్ను మానేయమని ఎవరన్నారు?"

"మీరే కదా బాబూ, మనలో ఎవలూ అని. నాను మనలో లేనేటి?"

ఆవిడ టీ పెట్టి ఇచ్చింది. ఆ టీ తాగడం నాకు చాలా కష్టమైంది.

ఆ పూటే బంకుకి తిరిగి వెళ్లి, జీవితంలో ఎవరికీ పెట్టని దణ్ణం మనోజ్‌కుమార్‌కి పెట్టాను. తప్పు నాది, ఆమెని తీసుకోండి అన్నాను.

"సోమవారం పొద్దున మీవాళ్లు వస్తే, ఆమె మిషన్ దగ్గర ఉంటుంది. రాకపోతే నన్ను అడక్కండి సర్."

నా షిఫ్టుల చార్టు మళ్లీ తీశాను. ఈసారి ఫోన్లు చేయలేదు, ఇంటింటికీ వెళ్లాను. సైకిల్ మీదే. కొనొద్దని ఎవరెవరికి చెప్పానో వాళ్లందరి గుమ్మంలోనూ నిలబడి, నేను తెలివితక్కువగా చెప్పాను, పెట్రోలు కొనండి, నూకరత్నం దగ్గరే కొనండి అని చెప్పాను. కొందరు నవ్వారు. ఒకాయన, "అయితే గెలిచామా ఓడామా?" అని అడిగాడు. మామూలుగా అయితే అతన్ని కడిగేసేవాణ్ణి. ఓడామని చెప్పి ముందుకు కదిలాను.

హరినాథ్ నన్ను చూడగానే తల దించుకున్నాడు.

"గురువుగారూ, ఆవిడ దణ్ణం పెడితే సిగ్గేసింది. అయినా డ్యూటీకి టైమైపోతుందని..."

"సిగ్గుపడాల్సింది నువ్వు కాదు. ఆ రోజు నువ్వడిగింది సరైన ప్రశ్న. నిన్ను కూర్చోబెట్టింది నేను" అన్నాను. అతను నా వైపు అనుమానంగా చూశాడు. నా నోట అలాంటి మాట ఎప్పుడూ వినలేదు మరి.

సోమవారం తెల్లారగట్ల నా స్కూటర్‌ని తోసుకుంటూ బయల్దేరాను. పెట్రోలు సమ్మెకి ముందే అడుగంటింది, వారమంతా చుక్క పోయించలేదు కాబట్టి స్టార్టవలేదు. బంకు దగ్గరికి చేరేసరికి ఎ షిఫ్టు స్కూటర్లు రోడ్డు మీదికి వరస కట్టి ఉన్నాయి. హరినాథ్ ముందున్నాడు. తాడు తీసేశారు. నూకరత్నం ఖాకీ చొక్కా వేసుకుని, ఒక్కొక్కరినీ పలకరిస్తూ పోస్తోంది. మనోజ్‌కుమార్ గాజు గదిలోంచి నాకు చెయ్యి ఊపాడు. బోర్డు మీద ధర ఒక్క పైసా కదల్లేదు.

నేను అందరికన్నా చివర్న నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి వెనక ఎవరూ లేరు.

"సున్నా సూసుకోండి బాబూ" అంది, అందరికీ చెప్పినట్టే. చూశాను. పోయడం మొదలుపెట్టింది.

"పెట్రోలు తగ్గదు నూకరత్నం. తెలియక నీకు ఆశపెట్టాను."

"పోన్లెండి. అప్పుడు టీ తగ్గింది కదా."

నన్ను ఓదార్చడానికే ఆ మాట అన్నది. నలభై ఏళ్లు ఛాయ దగ్గర ఒప్పుకోనిది ఆ పూట దానంతటదే నోటికొచ్చేసింది.

"తగ్గింది. గ్లాసు కూడా చిన్నదైంది."

"తెలుసు బాబూ" అంది మీటర్ వైపే చూస్తూ. "మా ఆయన సెప్పీవోడు. మీతో మాత్రం అనొద్దనీవోడు, బాధపడతారని."

ట్యాంకు మూత ఎంత తిప్పినా నాకు పడలేదు. ఆవిడే అందుకుని బిగించింది.