తాకా అంచు మీద నంబర్

హారతి నా ఎదురుగా కూర్చుని రాజీనామా రాస్తుంటే నాకు జాలి కలగలేదు, కోపం వచ్చింది. నాకు ముక్కు మీదే ఉంటుంది కోపం. అంత నమ్మితే ఇంత పని చేస్తుందా అనుకున్నాను.

అడాజన్ పేట‌లో మాదొక చీరల వెబ్‌సైట్ ఆఫీసు. సర్వర్లు చూసేది నేను, డిజైన్ల పేజీలు చూసేది హారతి. మనవైపు నుంచి ఈ ఊరికి వలసొచ్చి లింబాయత్ పేట‌లో మగ్గం నడిపే పరమేశ్వర్ కూతురు. ఆ ఇంట్లో ఆఫీసు ఉద్యోగం చేసిన మొదటి మనిషి. పోయిన ఆదివారం, సైట్‌లో ఎక్కించి ఇంకా బయటపెట్టని నలభై డిజైన్లను ఎవరో దించుకున్నారు. శుక్రవారానికల్లా అవి వేరే కొట్లో చీరలై వేలాడాయి.

మా యజమాని సేఠ్ లాగ్ చూడమన్నాడు. సైట్‌లో ఎవరు ఏ పేజీ తెరిచినా సర్వర్ ఒక వరస రాసుకుంటుంది. వరస మొదట్లో, అడిగినవాళ్ల నెట్ కనెక్షన్ అడ్రస్ ఉంటుంది. ఆదివారం ఆ నలభై డిజైన్ల వరసలు మాత్రం వడగట్టి చూశాను. నలభైకి నలభై మా ఆఫీసు అడ్రసే. ఆ రోజు ఆఫీసులో ఉన్నది హారతి ఒక్కతే. ఆ వరసలు అచ్చుతీసిన కాగితం సేఠ్ చేతిలో పెట్టింది నేనే. అది చూసి నిన్ననే ఆయన హారతిని రాజీనామా ఇమ్మన్నాడు.

"నేను తియ్యలేదు నళినక్కా" అంది తలెత్తకుండా.

"లాగ్ అబద్ధం చెప్పదు హారతీ."

"మా బాపు నేసిన బట్ట చుట్ట, గదే తాకా, మగ్గం మీదికెళ్లి దింపంగనే అంచు మీద మగ్గం నంబర్ రాస్తడు. ఒక్కపారి రాసుడు మర్శిండు. బట్టల మచ్చ ఎల్లింది. నేసినోణ్ని ఇడ్సిపెట్టి, మోసుకపోయి ఇచ్చిన సోమలింగం కాకను పట్టుకున్నరు. గా కాయితంల ఉన్నది నేసినోని నంబరా, మోసినోనిదా?"

అప్పుడు గుర్తొచ్చింది. మూడు నెలల క్రితం సైట్ నెమ్మదిగా ఉందని, ఆఫీసులోనే ఇంకో సర్వర్ ముందు పెట్టాను. ఎవరు అడిగినా దాని ద్వారానే లోపలికి రావాలి, అందుకని లోపలి సర్వర్‌కి ఎప్పుడూ మా ఆఫీసే అడిగినట్టు కనిపిస్తుంది. లోపలి లాగ్ ఏం రాయాలో చెప్పే ఫార్మాట్‌లో ఒక్క మాట మార్చి, అసలు అడిగినవాళ్ల అడ్రస్ రాయించాలి. నేను మార్చలేదు. డిస్క్ నిండుతోందని ముందు సర్వర్‌లో లాగే ఆపేశాను. మూడు నెలలుగా ఊరంతా మా ఆఫీసు అడ్రస్‌తోనే నమోదవుతోంది.

హారతి రాస్తున్న కాగితం తీసుకుని సేఠ్ గదిలోకి వెళ్లి, ఆయన ఫోన్‌లో ఆఫీసు వైఫై ఆపించి, బయటి నెట్‌తో సైట్ తెరవమన్నాను. లాగ్‌లో కొత్త వరస పడింది. అదే ఆఫీసు అడ్రస్.

"మరి దొంగ మీరా?" అన్నాను హిందీలో.

ఆయన ముఖం ఎర్రబడింది. అంతా చెప్పి, తప్పు నాదన్నాను. అసలు దించుకున్నదెవరో ఇక తెలియదు, రాయనిది దొరకదు. సేఠ్ నా చేతిలోని హారతి రాజీనామా తీసుకుని చింపేశాడు. నా సంగతి సోమవారం మాట్లాడదామన్నాడు.

బయటికొచ్చి హారతికి చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"పొద్దున్నే అమ్మకు చెప్పిన అక్కా, పని పోయిందని. దొంగతనం మాట జెప్తే బాపు అన్నం ముట్టలే."

సిగ్గుతో చచ్చిపోయాను. ఫార్మాట్ ఫైలు తెరిచి, మార్చాల్సిన మాట దగ్గర కర్సర్ పెట్టాను. ఆమె వచ్చి నా కుర్చీ పక్కన నిలబడింది.

"జర జరుగు అక్కా. ఏం రాయాల్నో చెప్పు. గీ నంబర్ నేను రాస్త."